‘లుక్ అప్’ అంటే పైకి చూడటమేనా?

హోమ్‌వర్క్ దగ్గర పిల్లలు అడిగే ఇంగ్లీషు సందేహాల్లో పొడవాటి మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. ‘ఎన్విరాన్‌మెంట్’, ‘ఇండిపెండెన్స్’ లాంటివాటికి ఒకసారి అర్థం చెబితే చాలావరకు సరిపోతుంది. తల్లిదండ్రులను తికమకపెట్టేవి రెండేసి చిన్న మాటల జంటలు. ‘లుక్’ అంటే చూడటమని ఒకటో తరగతి పిల్లకు తెలుసు. ‘అప్’ అంటే పైకి అనీ తెలుసు. అదే పిల్ల ఆరో తరగతికొచ్చాక ‘ఐ లుక్డ్ అప్ హిజ్ ఫోన్ నంబర్’ అన్న వాక్యానికి ‘నేను అతని ఫోన్ నంబరును పైకి చూశాను’ అని రాస్తుంది. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. ఎందుకు కొట్టేశారో పిల్లకు అంతుపట్టదు. రెండు మాటలకూ తను రాసిన అర్థాలు సరైనవే కదా!

ఆ నోటుబుక్కు మీ చేతికి వచ్చినప్పుడు మీరేం చేయాలన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి. “నాకు రాదమ్మా, రేపు టీచర్నే అడుగు” అని చాలా ఇళ్లలో చెప్పి ఊరుకుంటారు. కొన్ని ఇళ్లలో “ఇంత చిన్న మాట కూడా తెలీదా?” అని కసురుతారు. రెండూ వద్దు. ఈ రకం మాటలు నేర్పడానికి మీకు ఇంగ్లీషు దంచికొట్టేంతగా రానక్కర్లేదు. మీ తెలుగు, ఒక మంచి డిక్షనరీ, రోజూ ఓ పది నిమిషాల ఓపిక ఉంటే చాలు.

తప్పు పిల్లది కాదు

ఒక క్రియకు ‘అప్’, ‘ఆఫ్’, ‘ఔట్’, ‘ఆన్’ లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి మరో అర్థం ఇస్తే దాన్ని ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే మానేయడం, వదులుకోవడం. ‘పుట్’ అంటే పెట్టడం. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. విడివిడి అర్థాలు కూడితే మొత్తం అర్థం రాకపోవడమే ఇక్కడి చిక్కు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1755లో ఇంగ్లీషుకు పెద్ద నిఘంటువు తయారుచేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే దీన్ని ప్రస్తావించాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే అలవాటు తమ భాషలో మరీ ఎక్కువని, పరాయివాళ్లకు అన్నిటికన్నా కష్టం అక్కడేనని రాశాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు చాలా కాలం తర్వాత వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకం దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ భాష నిఘంటుకారుడే రెండున్నర శతాబ్దాల కిందట కష్టమని ఒప్పుకున్న సంగతి మీ పిల్లకు మొదటిసారే అర్థం కాకపోతే వింతేముంది? ఇది మనసులో ఉంచుకుంటే కసరాలనిపించదు.

‘చూడు’ తెలిసినవాళ్లకు ‘లుక్’ కష్టం కాదు

ఇలాంటి మాటలు మన నోట్లోనూ రోజూ నలుగుతుంటాయి. “పిల్లాడి మీద చేయి చేసుకున్నాడు” అంటే కొట్టాడని మనకు తెలుసు. ‘చేయి’లో గానీ ‘చేసుకోవడం’లో గానీ కొట్టడం అన్న అర్థం లేదు. “బారసాలలో పేరు పెట్టారు” అంటే ఒకటి, “ఆవిడ ఎవరేం వండినా పేర్లు పెడుతుంది” అంటే మరొకటి. తలపడటం, చేపట్టడం, మేలుకోవడం లాంటివాటికి మన వ్యాకరణంలో శబ్దపల్లవాలని పేరే ఉంది.

‘చూడు’ అన్న ఒక్క క్రియనే తీసుకోండి. “అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం” అన్నప్పుడు అది వెతకడం. “పొలం మా మామయ్య చూసుకుంటాడు” అంటే బాగోగులు కనిపెట్టుకుని ఉండటం. “సెలవుల కోసం ఎదురుచూస్తున్నా” అంటే ఆశగా ఉండటం. “లేనివాళ్లను చిన్నచూపు చూడకు” అంటే తక్కువ చేయొద్దని. సినిమాలో విలన్ “నీ అంతు చూస్తా” అన్నప్పుడు అది కంటితో చూసేది కాదని అయిదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు.

ఇప్పుడు దాని పక్కన ఇంగ్లీషు ‘లుక్’ను పెట్టి చూడండి. ‘లుక్ ఫర్’ అంటే వెతకడం. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకోవడం. ‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ఆశగా ఎదురుచూడటం. ‘లుక్ డౌన్ ఆన్’ అంటే చిన్నచూపు చూడటం. ‘లుక్ ఇన్‌టు’ అంటే ఆరా తీయడం. అన్నీ ఇంత చక్కగా జత కుదరవు గానీ, ఒక క్రియ ఇన్ని పనులు ఎలా చేస్తుందో పిల్లలకు చూపించడానికి ఈ జంట చాలు. ఇంగ్లీషు పెద్దగా రాని తల్లి కూడా ఇలా మొదలుపెట్టవచ్చు:

“చిన్నీ, నేను బజారుకెళ్లి వచ్చేదాకా తమ్ముణ్ణి చూసుకో అంటాను కదా, అప్పుడు నువ్వేం చేస్తావు?”

“ఆడిస్తాను. ఏడిస్తే ఎత్తుకుంటాను. గుమ్మం దాటకుండా పట్టుకుంటాను.”

“మరి నేను ఎత్తుకో అనలేదు, పట్టుకో అనలేదు. చూసుకో అన్నానంతే.”

“చూసుకో అంటే అదేగా అమ్మా!”

“ఇంగ్లీషువాళ్లకు ‘లుక్ ఆఫ్టర్’ అన్నా అదే. నీ పాఠంలో నర్సు రోగులను ‘లుక్ ఆఫ్టర్’ చేసిందంటే ఇప్పుడు చెప్పు, ఆవిడ ఏమేం చేసుంటుందో?”

పిల్ల తనంతట తానే చెప్పేస్తుంది: మందులు ఇచ్చింది, కట్లు కట్టింది, రాత్రంతా మేలుకుంది. ఆ మాట మళ్లీ పరీక్షలో కనిపిస్తే పిల్లకు తమ్ముడే గుర్తొస్తాడు.

‘లుక్ అప్’ చేసే పనులు

ఇక మన మొదటి మాట దగ్గరికి వద్దాం. ‘లుక్ అప్’కు మామూలు అర్థం తలెత్తి చూడటమే. పుస్తకంలో మునిగి ఉన్న పిల్ల, నాన్న గుమ్మంలోకి రాగానే తలెత్తి చూస్తే ‘షి లుక్డ్ అప్’ అంటారు. కాబట్టి మీ పిల్ల రాసిన అర్థం గాలిలోంచి పుట్టింది కాదు, ఆ వాక్యానికి నప్పలేదంతే. ఈ సంగతి పిల్లకు తప్పకుండా చెప్పండి. తను పూర్తిగా తప్పు కాదని తెలిస్తే మిగతాది వినే ఓపిక వస్తుంది.

రెండో అర్థం బళ్లో ఎక్కువగా పనికొచ్చేది: తెలియని సంగతిని అది రాసి ఉన్న చోట వెతికి తెలుసుకోవడం. డిక్షనరీలో మాట అర్థం, రైల్వే టైమ్‌టేబుల్లో బండి వేళ, అట్లాసులో ఊరు, ఫోనులో ఎవరిదైనా నంబరు ఇలా చూసి తెలుసుకునేవే. ‘లుక్ ఫర్’కు దీనికి తేడా పిల్లలు తరచూ మర్చిపోతారు. మంచం కింద పడిన పెన్సిల్ కోసం వెతికితే ‘లుక్ ఫర్’. ‘పెన్సిల్’ స్పెల్లింగు కోసం డిక్షనరీ తెరిస్తే ‘లుక్ అప్’. పోయిన వస్తువుకు ఒకటి, రాసిపెట్టి ఉన్న సమాచారానికి ఇంకొకటి.

మూడోది మనుషులకు సంబంధించింది. ‘వెన్ యు కమ్ టు విజయవాడ, లుక్ మి అప్’ అని స్నేహితుడు రాశాడంటే, ఈ ఊరొచ్చినప్పుడు ఓసారి వచ్చి పలకరించమని. నాలుగోది పరిస్థితులకు సంబంధించింది. ‘థింగ్స్ ఆర్ లుకింగ్ అప్’ అంటే రోజులు కాస్త బాగుపడుతున్నాయని. ఈ అర్థంలో ఎక్కువగా ‘లుకింగ్ అప్’ అనే రూపంలోనే కనిపిస్తుంది.

చివర ‘టు’ చేరితే ఇంకో మాట పుడుతుంది. ‘లుక్ అప్ టు’ అంటే ఒకరిని గౌరవించడం, ఆదర్శంగా భావించడం. ‘లుక్ డౌన్ ఆన్’కు ఇది సరిగ్గా ఎదురు. ఈ మాట నేర్పేటప్పుడు అర్థం చెప్పి వదిలేయకండి. “నువ్వు ఎవరిని ‘లుక్ అప్ టు’ చేస్తావు?” అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. సైన్సు టీచరు పేరో, క్రికెటరు పేరో, పక్కింటి అక్క పేరో చెప్పవచ్చు. ఎందుకని అడగండి. ఒక మాట నేర్పబోయి మీ పిల్ల మనసులో ఏముందో తెలుసుకుంటారు.

ఇవన్నీ ఒకే సాయంత్రం చెప్పొద్దు. పాఠంలో ఎదురైన అర్థం ఒక్కటి చెప్పండి. మిగతావి వాటి వాటి వాక్యాల్లో ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.

డిక్షనరీ పక్కన కూర్చోండి

ఏ ఫ్రేజల్ వెర్బ్‌నైనా నేర్చుకోవడానికి దారి ‘లుక్ అప్’ చేయడమే. కానీ డిక్షనరీ చేతికిచ్చి “చూసుకో” అని వదిలేస్తే పిల్లలు విసుగెత్తి మూసేస్తారు. మొదటి కొన్నాళ్లు పక్కన కూర్చోవాలి.

ముందుగా సరైన డిక్షనరీ కొనండి. జేబులో పట్టే ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీల్లో చాలావాటికి ‘లుక్’ దగ్గర నాలుగైదు అర్థాలిచ్చి వదిలేసే అలవాటుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసమే ప్రత్యేకంగా తయారుచేసే ‘లర్నర్స్ డిక్షనరీ’లు ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ వాటిలో బాగా పేరున్నది. దాన్ని మొదట కూర్చిన ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో విద్యార్థులకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. పరాయి భాషగా నేర్చుకునేవాళ్లు ఎక్కడ తడబడతారో ఆయన తరగతి గదిలో చూశాడు. ఆ పుస్తకం మొదట 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. చిన్న తరగతుల పిల్లలకు ఇదే రకంలో తేలిక డిక్షనరీలు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు ‘లుక్ అప్’ ఎక్కడ దొరుకుతుందో చూపించండి. ‘ఎల్’ అక్షరంలో ‘లుక్’ దగ్గరికి వెళ్లాలి. దాని అర్థాలన్నీ అయిపోయాక చివర్లో ఫ్రేజల్ వెర్బ్‌లు వరుసగా ఉంటాయి. అక్కడ ‘లుక్’కు ‘అప్’కు మధ్య ‘ఎస్, టీ, హెచ్’ అనే మూడక్షరాలు, వాటి పక్కన రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కనిపిస్తాయి. ఆ అక్షరాలు ‘సమ్‌థింగ్’కు పొట్టి రూపం. ఆ స్థానంలో ఏదో ఒక వస్తువు పేరు రావాలని అర్థం. ‘ఎస్, బీ’ అని ఉంటే అక్కడ మనిషి రావాలి. బాణం ఏం చెబుతోందంటే, ఆ వస్తువు పేరు ‘అప్’కు ముందైనా పెట్టవచ్చు, తర్వాతైనా పెట్టవచ్చు. ‘లుక్ ద వర్డ్ అప్’ సరైనదే, ‘లుక్ అప్ ద వర్డ్’ కూడా సరైనదే. కానీ ‘ఇట్’, ‘దెమ్’ లాంటి సర్వనామం వస్తే మధ్యలోనే ఉండాలి. ‘లుక్ ఇట్ అప్’ అనాలి. ‘లుక్ అప్ ఇట్’ అంటే తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర ఈ బాణం ఉండదు, అందుకే దాన్ని విడదీయకూడదు. ఎప్పుడూ ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి. పరీక్షల్లో పిల్లల మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఆ చిన్న బాణాన్ని ఒకసారి వేలుపెట్టి చూపిస్తే సూత్రం బట్టీ పట్టే పని తప్పుతుంది.

పైకి చదివించడం కూడా ముఖ్యం. ‘లుక్ ఇట్ అప్’లో గొంతు ‘అప్’ మీద ఒత్తాలి. ‘లుక్ ఎట్ ఇట్’లో ‘లుక్’ మీద ఒత్తాలి. రెండూ ఒకదాని వెంట ఒకటి చెప్పించండి, తేడా చెవికే తెలిసిపోతుంది.

ఫోనులో వెతికినా ఫరవాలేదు. అయితే ఫోను మీ చేతిలో ఉండాలి, పిల్లలు పక్కన ఉండాలి. రెండు మాటలే టైపు చేయకుండా వాక్యమంతా టైపు చేయించండి. వాక్యాన్ని బట్టే అర్థం తేలుతుంది. తెలుగు మాట దొరక్కపోతే ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటులో పాత, కొత్త నిఘంటువులు కలిపి వెతకవచ్చు. అందులో 1852లో అచ్చయిన సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా ఉంది. ఉద్యోగానికి వచ్చి మన భాష నేర్చుకున్న ఇంగ్లీషువాడు మన నుడికారాలను ఏరి కూర్చిన పుస్తకమది. ఇంకొకరి భాషను ఇంత శ్రద్ధగా నేర్చుకోవచ్చని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వరుస మాత్రం మార్చకండి. ముందు వాక్యం చదివించి అర్థం ఊహించమనండి. తర్వాత డిక్షనరీ చూడండి. అక్కడిచ్చిన ఉదాహరణ చదివించండి. చివరగా మీ ఇంటి సంగతితో పిల్లల చేతే ఒక వాక్యం చెప్పించండి.

జాబితాలు బట్టీ పట్టించకండి

గైడ్లలో ఫ్రేజల్ వెర్బ్‌లు వందల లెక్కన వరుసగా ఉంటాయి. ‘లుక్ ఆఫ్టర్’, ‘లుక్ ఎట్’, ‘లుక్ ఫర్’, ‘లుక్ ఇన్‌టు’, ‘లుక్ అప్’ అన్నీ ఒకే చోట, పక్కనే ఒక్కో ముక్కలో అర్థం. ఆ వరుసను ఒకే రోజు అప్పజెప్పమంటే పిల్లలు అప్పజెబుతారు. వారం తిరిగేసరికి ఒకదాని అర్థం మరొకదానికి తగిలిస్తారు. దగ్గరి పోలికలున్న మాటలు ఒకేసారి నేర్పితే కలగలిసిపోవడం సహజం. వారానికి మూడు నాలుగు చాలు. అవీ వేర్వేరు క్రియలవైతే మంచిది. నేర్చుకున్న మాట ఆ వారంలో ఇంట్లో నాలుగైదుసార్లు వినపడేలా చూడండి.

అలా వినిపించడానికి మన ఇళ్లలో ఇప్పటికే తిరుగుతున్న మాటలు బోలెడున్నాయి. విమానం ‘టేకాఫ్’ అయిందంటాం. అదే ‘టేక్ ఆఫ్’ బూట్ల విషయంలో విప్పడం. పోలీసుస్టేషనులో ‘లాకప్’ అంటాం. తాళం వేసి బంధించే ‘లాక్ అప్’లోంచి వచ్చిందది. పెళ్లిలో ‘మేకప్’ అంటాం. ‘మేక్ అప్ ఎ స్టోరీ’ అంటే మాత్రం కథ అల్లడం. ఇవి చెబితే పిల్లలు తామే ఇంకో నాలుగు వెతికి తెస్తారు.

ఇక్కడే ఒక పొరపాటును సరిదిద్దవచ్చు. “ఫ్యాన్ ఆఫ్ చెయ్యి”, “లైట్ ఆన్ చెయ్యి” అని మనం తెలుగులో అంటాం. తెలుగులో అది బాగానే ఉంది. ఆ అలవాటుతోనే పిల్లలు ఇంగ్లీషులో ‘ఆఫ్ ద ఫ్యాన్’, ‘ఆన్ ద లైట్’ అనేస్తారు. ఇంగ్లీషులో క్రియ ఉండి తీరాలి: ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘స్విచ్ ఆన్ ద లైట్’. అలాగే ‘కోప్ అప్ విత్’ అని మన దగ్గర చాలామంది రాస్తారు. అక్కడ ‘అప్’ అక్కర్లేదు, ‘కోప్ విత్’ అంటే చాలు.

అందరు తల్లిదండ్రులకూ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం విస్తరించాక, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషులో చదువుతున్న పిల్లలకు అవి గొప్ప ఆసరా. మీరు ఇంగ్లీషు చదవలేకపోయినా తెలుగు పేజీ చదివి, “ఈ వాక్యం అవతలి పేజీలో ఎక్కడుందో వెతుకు” అని అడగవచ్చు. ‘కొనసాగించారు’ అన్న చోట ‘క్యారీడ్ ఆన్’, ‘ఎదిగాడు’ అన్న చోట ‘గ్రూ అప్’ లాంటివి కనిపిస్తే పిల్లలే పట్టుకుంటారు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన కుటుంబాలకు సమస్య తిరగబడి ఉంటుంది. అక్కడ పుట్టిన పిల్లలకు ‘లుక్ ఇట్ అప్’ ఎవరూ నేర్పక్కర్లేదు. తాతయ్య ఫోనులో “మీ నాన్న చిన్నప్పుడు నామీద అలిగి మొహం చాటేశాడు” అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్లకు ఇదే పద్ధతి అటునుంచి ఇటు నేర్పండి. వాళ్లకు తెలిసిన ఇంగ్లీషు జంటను ముందు చెప్పి, దాని పక్కన తెలుగు జంటను పెట్టండి.

ఎక్కడున్నా ఒక్క జాగ్రత్త అందరికీ అవసరం. పిల్లలు తప్పు అర్థం చెబితే దాన్ని చుట్టాల ముందు తమాషాగా చెప్పుకోకండి. “ఏదీ, అంకుల్ ముందు ఇంగ్లీషులో మాట్లాడు” అని నిలబెట్టకండి. ఊహించి చెప్పే ధైర్యం ఒకసారి పోతే మళ్లీ రావడం కష్టం. ఊహించడం మానేసిన పిల్లలకు భాష అబ్బదు.

“నాకు తెలీదు” అన్నది చెడ్డమాటేమీ కాదు. దాని తర్వాత మీరు ఏమంటారన్నదే పిల్లలకు గుర్తుంటుంది. “పోయి టీచర్ని అడుగు” అంటే అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది. “నాకూ తెలీదు, ఇద్దరం కలిసి చూద్దాం రా” అంటే తెలియనిదాన్ని వెతికి తెలుసుకోవాలన్న అలవాటు మొదలవుతుంది. డిగ్రీ ఉన్న తండ్రి చేయగలిగినా, బడి మొహం చూడని తల్లి చేయగలిగినా అది ఒకే సాయం. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు, చేతిలో పని ఓ పది నిమిషాలు పక్కన పెట్టి ఆ మాట అనండి.